మూడో ట్రంకుపెట్టె

కటంగూరి మాధవరావు గారి కాగితాలు:
మూడు రేకు ట్రంకులు, ఒక గోనెసంచి.
తెచ్చిచ్చిన మనవరాలు రసీదు గూడ అడగలే.
"చెదలు పట్టకముందే ఏమన్న చేసుకోండ్రి" అని
ఆటో బందు చేయించకుండనే ఎల్లిపోయింది.

హనుమకొండల మా గ్రంథాలయం వెనక గది.
వానకాలం ఒక మూల కారుతది, అక్కడ బకెట్.
మిగిలిన మూడు మూలలల్ల ఆయన.

మొదటి పెట్టెల గెలుపులు.
వెండి కప్పుల ఫొటోలున్నయి, కప్పులు లేవు.
నేజాతోని మేకును పొడిచి లేపినప్పటి
దుమ్ము మంచిగ పడ్డది ఫొటోల,
ఆయన సగమే పడ్డడు.
తేదీలన్నీ ఫసలీ.
అయిదువందల తొంభై కలుపుకుంట కలుపుకుంట
ఆ ఏండ్లల్లకు నడిచిపోయేదాన్ని.

రెండో పెట్టెల ఖర్చులు:
ఉలవలు, అవిసె నూనె,
మట్టెవాడ కమ్మరికి నాడాల బాకీ,
దర్జీకి బ్రీచెస్ కుట్టుకూలి.
ఉర్దూ చిట్టీలన్నీ మండిబజారు తీస్కపోయి
అత్తరు దుకాణం గౌస్ మొహియుద్దీన్ సాబుతోని చదివించిన.
అద్దాలు నొసటి మీదికి ఎత్తి నవ్విండు:
"గుర్రాలు తిన్నదంత రాసిండు గని బేటీ,
తను తిన్నది ఒక్క పూటన్న రాయలే."

మూడోది పుస్తకం.
అచ్చయినంక నూట నలభై పేజీలు,
అట్ట మీద రికాబు బొమ్మ.
ఎక్కుడు, కూసునుడు, దౌడు, దుముకుడు,
అన్నిటికీ తలా ఒక అధ్యాయం.
పడుడుకు మాత్రం ఒక్క వాక్యం:
"పడినను కళ్లెము విడువరాదు."

పెట్టెల ఆ వాక్యానికి తొమ్మిది చిత్తుప్రతులున్నయి.

మొదటిది పద్నాలుగు పేజీలు.
సుర్మా అనే ఆడగుర్రం,
మడికొండ దాటినంక బండల నడుమ వాగు,
తడిసిన ఒడ్డు, ఎడమ ముంగాలు.
ఎముక విరిగిన చప్పుడును
ఎండిన తునికి కట్టె అన్నడు, కొట్టేసిండు.
పలక పగిలినట్టు అన్నడు, అదీ కొట్టేసిండు.
చివరికి:
"చప్పుడు నాకు వినబడలేదు. కాకులు లేచినవి."

తుపాకి ఆయన చేతులనే ఉండె.
చెయ్యి మాట వినలే.
సాయీసు ఐలయ్య దాన్ని మెల్లగ అందుకొని
"దొరా, మీరు జెర అటు తిరుగుండ్రి" అన్నడు.
ఆయన తిరిగిండు.
తిరిగినంక కనబడ్డది రెండు పేజీలు:
మోదుగు చెట్టు, మొదట్ల చీమలు,
అది పూలు పూసే కాలం గాదు.

రెండో ప్రతిల చీమలు లేవు.
నాలుగో ప్రతిల ఐలయ్య లేడు,
"కాల్చబడినది" అన్న మాటొచ్చి
ఆయన జాగల కూసున్నది.
ఆరో దాంట్ల సుర్మా పోయి "ఒక అశ్వము" మిగిలింది.
ఎనిమిదోది సగం పేజీ.
తొమ్మిదోది మనకు తెలిసిందే.

అంత పేరున్న రౌతు
పడ్డట్టు ఎవలకూ తెల్వకుండ
తొమ్మిదిసార్లుగ కిందికి దిగిండు.

మళ్ల రెండో పెట్టె ఇప్పిన, తేదీ పట్టుకొని.
మళ్ల మండిబజారు పోయిన.
సుర్మా ఖాతాల ఉలవలు, దినాం రెండు సేర్లు,
వాగు కాడి ఆ దినం తర్వాత ఇంకో ఆర్నెల్లు.
గౌస్ సాబు రెండుసార్లు లెక్క చూసిండు.
ఈసారి అద్దాలు ఎత్తలే.

మొదటి ప్రతి ఆఖరి పేజీల నడుమ
దారంతోని కట్టిన జూలు వెంట్రుకలు,
నల్లగ, ఇంకా గట్టిగనే ఉన్నయి.
మా ఫారంల గడులు: వస్తువు, కొలత, భాష.
రెండు నింపి మూడో దాని కాడ ఆగిన.

"అచ్చయిన బుక్కున్నది గద, చిత్తులెందుకు?
జాగ లేదు" అన్నడు మా సారు.
పేర్ల సూచిక చూసి ఇంకా పరేషానయిండు:
'ఐ' కింద ఐలయ్య, సరే,
'సు' కింద గుర్రమేంది, మనుషులల్ల?

"పడినా విడువద్దని రాసిండు గద సార్" అన్న.
ఆయనకు సమజ్ గాలే. నేను గూడ ఇప్పి చెప్పలే.

బకెట్ నిండింది.
పారబోసొచ్చి మళ్ల అదే మూలకు పెట్టిన.
భాష అన్న గడి
ఇయ్యాళటికీ ఖాళీగనే ఉన్నది.