యతి దగ్గర

లొల్ల లాకుల పక్క పందిట్లో
పదకొండు రాత్రులు పురాణం.
మైకు నాది.
మా చిన్నాన్న పోయాక ఆంప్లిఫయరూ, రెండు గొట్టాలూ,
వాటి మీది అప్పూ నాకే వచ్చాయి.

ఆరో రాత్రి, అడవి తగలబడే ఘట్టం.
గంటి చయనులు గారు గొంతు సవరించుకుంటే
కీచురాళ్ళు కూడా సర్దుకు కూచుంటాయని మావైపు మాట.
మంటని ఆటకత్తెలా ఆడించారు.
వెదుళ్ళు పేలితే తాళం, పొగ లేస్తే పైట.
పారిపోయే లేళ్ళు సరిగ్గా ప్రాసలో పడి చచ్చాయి.
నేను ఎకో కొంచెం పెంచాను.
"ఆహా" అంది పందిరి.
రైసుమిల్లు షావుకారు పళ్ళెంలో వంద నోటు వేసి
మళ్ళీ పాడించాడు.

రెండోసారీ కాలింది అడవి,
మొదటిసారి కన్నా బాగా.

వేదిక గుంజ పక్కన పళ్ళాలమ్మ.
మొన్న చైత్రంలో, వడగాడ్పు మధ్యాహ్నం,
లంకలో పదిహేడు తాటాకిళ్ళు పోయినప్పుడు
ఆవిడదీ పోయింది. మేకా పోయింది,
పలుపుతాడు విప్పేలోపు.
ముంజెల గంప తల మీంచి దించకుండానే అడిగింది:
"అయ్యా, అంత బాగా కాలిందాండీ, అడివి?"

ఎగతాళి కాదు. తెలుసుకుందామనే.
నేను మైకు కట్టలేదు.
ఆ మాట గొట్టాల్లోంచి
అవతలి గట్టు కొబ్బరితోటల దాకా వెళ్ళి
ఎకోతో తిరిగొచ్చింది.

చయనులు గారు పుస్తకం మూసేశారు.
వైర్లు చుడుతుంటే వచ్చి నా పక్కన కూచున్నారు.
"యతంటే అక్షరాల మైత్రే అనుకున్నానురా నలభయ్యేళ్ళు.
ఆగమని కూడా.
రాసినాయన ఆగాడు,
రెక్కలు రాని పిల్లల్ని వదిలి తల్లిపక్షి
ఎగరలేకపోయిన చోట.
నేనే, రాగం తీసి, దాటేశాను."

మర్నాడు అదే పద్యం.
రాగం లేదు. ఎకో తీసెయ్యమన్నారు, తీసేశాను.
తల్లిపక్షి దగ్గర ఆగారు.
కాలవలు కట్టేసిన నెల;
లాకు తలుపుల సందున మిగిలిన నీళ్ళు
చుక్క చుక్క పడే చప్పుడు
మైకులో వినిపించింది.
ఎవరూ ఆహా అనలేదు.
షావుకారు లేచి చెప్పులు వెతుక్కున్నాడు.
పళ్ళాలమ్మ గంప దించింది.

ఇంటికెళ్తూ సైకిలు మీద అనుకున్నాను,
పాడ్డం కన్నా ఆ ఆగడం ఎంత బాగుందో అని.
అనుకుని, గట్టు మీద దిగిపోయాను.

బాగుందన్నది నేను.
పళ్ళాలమ్మనింకా అడగలేదు.