గాలిలో ద్రాక్షతోట

సలీనేలో రైలు దిగితే
మిగిలిన దారంతా బస్సుది.
డ్రైవరు ప్రతి మలుపులోనూ ఎవరో ఒకర్ని పలకరిస్తాడు,
గేరు మార్చినంత మామూలుగా.
కింద ఉప్పు గనుల తెల్లటి ఆవిరి,
దున్ని వదిలేసిన బూడిదరంగు బంకమన్ను
అలలు అలలుగా, ఒడ్డన్నది లేకుండా.
ఎక్కడో ఒక్క సైప్రస్ చెట్టు
ఎవరి పొలం ఎందాకో చెప్పే గట్టురాయిలా.

పైన వోల్తెర్రా.
నవంబరు. వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయారు.
గాలి మాత్రం టికెట్టు కొనకుండా
సందు సందూ చూసి వస్తోంది.

పాత కోటద్వారం మీద మూడు రాతి తలలు.
కళ్లు లేవు, ముక్కులు లేవు,
వందల ఏళ్లుగా ఎండా వానా వంతులేసుకుని నాకిన
బెల్లం ముద్దలు.
దేవుళ్లంటారు కొందరు,
నరికి తెచ్చిన శత్రువులంటారు కొందరు.
"ఎవరైతేనేం,"
ఉల్లిగడ్డలు తూస్తూ ఓస్వాల్దా అంది,
"వాళ్ల కోసం మా అమ్మ ఈ వీధి పీకింది.
యుద్ధంలో సైన్యం ఈ ద్వారం పేల్చేస్తానంటే
ఒక్క రోజు గడువడిగి
వీధిలో పరిచిన రాళ్లన్నీ పెకలించి
ఊరు ఊరంతా కలిసి దీని నోరు పూడ్చేశారు.
అమ్మకప్పుడు ఏడో నెల.
కడుపులో మా అన్న.
అందుకే వాడికి పుట్టినప్పట్నుంచీ నడుం నొప్పి."
తక్కెడ ఊగింది ఆమె నవ్వుకి.

తర్వాత ఆ రాళ్ల మీదే నడిచాను.
ఏది ఆమె ఒళ్లో మోసిందో గుర్తేమీ లేదు.
చెప్పుల కింద అన్నీ ఒకేలా జారుతున్నాయి.

నేదో అలబాస్టర్ చెక్కుతాడు.
కనుబొమలు తెల్లగా ఉన్నాయి.
దుమ్మా, వయసా? అడగలేదు నేను.
అతనే బొటనవేలితో తుడిచి చూపించాడు,
కిందా తెలుపే.
గిన్నె అంచు పలచబడేకొద్దీ
లోపల దీపం పెట్టి చూస్తాడు.
రాయిలో నరాలు వెలుగుతాయి,
చెవి తమ్మెలో నెత్తురు కనబడ్డట్టు.
"ఇంకొక్క గీత గీస్తే పోతుంది,
గీయకపోతే రాయిగానే ఉంటుంది."
అని, గీశాడు.

మధ్యాహ్నం రొట్టె పెట్టాడు,
ఈ వారమే ఆడిన ఆలివ్ నూనె పోసి.
నూనె గొంతులో గరగరా దిగింది.
రొట్టెలో ఉప్పు లేదు.
కొండ కిందంతా ఉప్పు పెట్టుకుని
పిండిలో చిటికెడు వేసుకోని ఊరు!
మా భాషలో
ఉప్పు తిన్న ఇంటిని మరవకూడదంటారు,
మరి మీ ఇంటిని నేనేం తిని గుర్తుపెట్టుకోను, అన్నాను.
నా వచ్చీరాని ఇటాలియన్‌లో అదెలా వినబడిందో,
గబుక్కున లేచి
ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు.

సాయంత్రం ఊరి చివరికి తీసుకెళ్లాడు.
అక్కడ నేల ఉన్నట్టుండి అయిపోతుంది.
పచ్చటి ఇసుక గోడలు నిట్టనిలువునా,
తరాల తరబడి ఊరిని కొరుక్కు తింటున్న లోయ.
గుడి ఒకటి పోయింది.
సమాధులు పోయాయి,
చచ్చినవాళ్లు ఇంకోసారి పడ్డారు.
అంచున పాడుబడ్డ మఠం,
కిటికీకొక పావురం, ప్రార్థన లేదు.

నేదో చెయ్యి చాచి
శూన్యంలోకి చూపించాడు.
"అదిగో, మా తాత ద్రాక్షతోట.
మూడో వరసలో అత్తి చెట్టు.
దాని పక్కన నుయ్యి."
చూశాను.
ఒక కాకి ఆ నూతి లోపలి నుంచి ఎగిరి పోయింది.
"అటు కాదు, ఇంకొంచెం ఎడమకి,"
నా భుజం పట్టి తిప్పాడు,
నేను అత్తి చెట్టు దాటిపోయి
పక్కవాళ్ల తోటలో చూస్తున్నట్టు.

జేబుల్లో చేతులు పెట్టుకుని వెనక్కి వచ్చాం.
ఇప్పటి అంచుకీ చివరి ఇంటికీ మధ్య
ఆలివ్ చెట్ల కింద ఎవరో వలలు పరిచారు.
నిచ్చెన మీద ఒకావిడ
పొడుగు దువ్వెనతో కొమ్మల్ని దువ్వుతోంది.
కాయలు టపటపా రాలుతున్నాయి.
ఇక్కణ్ణుంచి అంచు ఎన్ని అడుగులుంటుందని అడిగాను.
లెక్కపెట్టలేదంది.
చీకటి పడేలోగా
ఈ రెండు చెట్లూ అవ్వాలంది.