పిలిచిన పేరుకు పలికేది

కార్డ్లాలో, పడవల షెడ్డు మీది గదిలో,
సముద్రం గడ్డకట్టి కిర్రుమంటున్న ఫిబ్రవరి రాత్రి
ఉర్వె బైట్లు లెక్కపెడుతోంది.

నాలుగు మెగాబైట్ల చిప్పు.
కెర్నెల్ అందులో కాళ్లు బారజాపుకుని కూర్చుంది.
బూట్‌లోడర్ గడప దగ్గర నక్కింది.
మిగిలింది మూడువందల పన్నెండు కిలోబైట్లు.
ఆ ఇరుకులోనే
ఫైళ్లు చూపేవాడు, చెరిపేవాడు, వెతికేవాడు,
డిస్కు ఎంత నిండిందో చెప్పేవాడు,
మొండికేసిన పనిని చంపేవాడు
అందరూ కాపురం ఉండాలి.

తలకో ఇల్లు కట్టే స్తోమత లేదు.
అందుకని ఒక్క మనిషినే చేసింది ఉర్వె.
ఎల్ఎస్ అంటే జాబితా చదువుతుంది,
గ్రెప్ అంటే రాశిలోంచి ఒక్క గింజ ఏరి తెస్తుంది,
కిల్ అంటే, పాపం, అదే చెయ్యి కత్తి పడుతుంది.
లేచీ లేవగానే అది అడిగే ప్రశ్న ఒకటే:
నన్ను ఏ పేరుతో పిలిచారు?

మనం దీన్ని సంధి అంటాం.
రెండు మాటలు ఆనుకున్నచోట
ఒక అచ్చు మర్యాదగా తప్పుకుంటుంది,
అర్థం మాత్రం కదలదు.
ఉర్వెకు తెలుగు రాదు.
రెండు ఫంక్షన్లకు ఒకే తోక ఉందని కనిపెట్టి
ఒకటి కోసేసింది.
నలభై నాలుగు బైట్లు.
లేచి టీ పెట్టుకుంది.

ఉలాన్‌బాతర్ నుంచి ఒద్గెరెల్ అట,
ముక్కూ మొహం తెలియని కుర్రాడు, ప్యాచ్ పంపాడు.
ఎనిమిది వరసలు కొట్టేసి మూడు రాశాడు.
కింద ఒక మాట:
"మా గుర్రాల దగ్గరి పెట్టెలో చోటు చాలలేదు."
ధర లేదు, రసీదు లేదు.
పరీక్షలు నడిపింది. ఒకటి విరిగింది.
వాడిని తిట్టుకుంది.
తప్పు తనదేనని తెల్లారుజామున తేలింది.
కలుపుకుంది.

ఇంకా రెండు కిలోబైట్లు ఎక్కువ.
సూది మొన మోపే సందు లేదు.

"ఆ సహాయ వాక్యాలు తీసెయ్," అన్నాడు హెల్దూర్.
"ఎవడు చదువుతాడు? పదకొండు కిలోబైట్లు ఊరికే వస్తాయి."

కిందటి చలికాలం
రేవు చివర నీటిమట్టం కొలిచే పెట్టె మూగబోతే
తావెత్ వెళ్లాడు.
ఫెర్రీ మీద తాళ్లు విసిరే మనిషి,
కంప్యూటరు అతని పని కాదు.
మైనస్ పంతొమ్మిది.
చేతితొడుగు పళ్లతో లాగి
ఒంటివేలితో ఏదో కొట్టాడు. తప్పు కొట్టాడు.
పెట్టె విసుక్కోలేదు.
"వాడే తీరు ఇదీ" అంటూ ఒక్క వరస చెప్పింది.
ఫోను అందదు, నెట్టు లేదు,
ఆ చీకట్లో అతనితో మాట్లాడింది
ఆ ఒక్క వరసే.

"అది తియ్యను," అంది ఉర్వె.

మొదట్లో సంబరపడి రాసుకున్న స్వాగతం ఉంది,
చుక్కలతో గీతలతో వేసిన తెరచాప పడవ,
దాని కింద "చేసినవారు: ఉర్వె, హెల్దూర్."
అంతా కలిపి తొమ్మిదివందల బైట్లు. పోయింది.
చాల్లేదు.
హెల్దూర్‌కు ఎంతో ఇష్టమైన,
హెల్దూర్ తప్ప ఎవరూ పిలవని
క్యాలెండర్ కమాండు కూడా పోయింది.
రెండు రోజులు అతను మాట్లాడలేదు.
మూడోరోజు పొగపట్టిన చేప తెచ్చి
కీబోర్డు పక్కనే పెట్టాడు,
ఆ వాసన వారం వదల్లేదు.

మార్చిలో తావెత్ కొత్త బోర్డు జేబులో వేసుకెళ్లి
నాలుగు స్క్రూలు బిగించాడు.
నాలుగోది మంచులో పడిపోయింది,
సరే, మూడే.
లైటు రెండుసార్లు ఆరి వెలిగింది.
డేట్, అని అడిగాడు.

గడియారానికి బ్యాటరీ పెట్టే చోటు లేదు ఆ పెట్టెలో.
కరెంటు వచ్చిన ప్రతిసారీ
అది పంతొమ్మిదివందల డెబ్భై జనవరి ఒకటి,
గురువారం అనే నమ్ముతుంది.
తావెత్ నవ్వాడు.
అప్పటికి వాళ్లమ్మకు పెళ్లే కాలేదు.

మంచు కింద నీరు రెండు సెంటీమీటర్లు పెరిగిందని
ఆ గురువారం తేదీ వేసే
పెట్టె రాసుకోవడం మొదలెట్టింది.