పికా, పిక్క

బరంపురం పెద్దాసుపత్రిలో డాక్టరు గుంట
"పికా?" అని అడిగింది.
నాను కోక పైకి లాగి పిక్క సూపించినాను.
నవ్వలేదు. "అది కాదు మావుసీ, సుట్ట" అంది.
ఆల మాటలో పికా అంటే సుట్టంట.
మా మాటలో పిక్కంటే నొప్పున్న సోటు.
రెండూ ఒకటే జవాబని
అదీ నానూ ఒక్కపాలే కనిపెట్టినాం.

అడ్డపొగ. నిప్పు లోపలికి.
మాయమ్మ అలాగే తాగింది, ఆలమ్మా అలాగే.
ఈదరగాలి కొట్టే రైలు కట్ట మీద
నిప్పు దాసుకోడానికి
నోటికన్నా నమ్మకమైన గూడేది?

మా ఆయన పోయాక ఆయన సుత్తి నాకిచ్చినారు.
కాశీనగరం గేటు నుంచి లిహురి దాకా
రోజూ నడిసినాను.
కీ వదులైన సోట ఒక్క దెబ్బ.
పట్టా పగిలిన సోట ఎర్రజెండా, ఈల;
ఈల ఇనబడితే గేంగు పరిగెట్టుకొచ్చీది.

ఇప్పుడు నూట పది సిలీపర్లు, అంతే.
ఆపైన ఎవులో పిక్కలో పానా పెట్టి తిప్పుతారు.
నిలబడి మేకల్ని సూస్తున్నట్టు నటిస్తాను.
ఒగ్గేస్తాది. మళ్ళీ నూట పది.

సేతికి పట్టీ కట్టి గాలి కొట్టింది: నూట నలభై.
మడమ కాడ కట్టింది: ఎనభై నాలుగు.
"రగతం బయల్దేరతంది గానీ సివరూరికి సేరడం లేదు" అంది.
సివరూరి సంగతి మాకా సెప్పడం!
రాజధానిలో కదిలిన కాయితం
మా గేటు కాడికొచ్చేసరికి అచ్చరాలే మిగలవు.

అప్పుడు సీటీ ఎనకాల బొమ్మ గీసింది.
ఎముక మూలగలో పనోళ్ళు పుడతారంట,
కణాలు, పేరు శానా పొడుగు.
గొట్టం లోపలి పూత లేసిపోయిన సోటికి
కబురందుకుని రగతంలో కొట్టుకొచ్చి
కొందరు ఆ పూతలోనే కలిసిపోతారంట.
కొందరు పక్కోళ్ళని లేపి
మూసుకున్న దారి పక్కన కొత్త సందు తవ్విస్తారంట.

"మరి నా గేంగేదమ్మా?"

కలం మూత పెట్టింది.
తక్కువైపోయారంది, పొగకి కొందరు, షుగరుకి కొందరు.
ఉన్నోళ్ళు పిలిసినా కదలరు,
కదిలినా దారి తప్పుతారు,
సేరినా సేతులాడవంట.

నాకు బయ్యమెయ్యలేదు. సిగ్గేసింది.
సిన్న లైను మూసేసిన ఏడు
మా పద్నాలుగు మందినీ తలో దిక్కు పంపేసినారు.
సవర బుగిడి, కొమరాపు తవిటయ్య, కూర్మి...
ఎవులూ రాని పట్టా ఎండలో పడుంటే
దాని సడి ఎలాగుంటాదో ఎరుగుదును.
అదేనా నా కాల్లో ఉన్నాది?

మందులు రాసింది. సుట్ట మానీమంది.
ఆపైన ఒక ఎర్రి మాట:
"నొప్పొచ్చేదాకా నడు మావుసీ.
వొచ్చాక ఆగు. పోయాక మళ్ళీ నడు.
ఆ నొప్పే ఈల.
ఇని మూలగలో కొందరైనా లెగుస్తారు."

సుట్టల కట్ట వంశధారలో పారీలేదు, అబద్ధమాడను.
దూలం మీద పెట్టినాను. రోజూ సూస్తాను.
తెల్లారగట్ల గుణుపురం బండి ఎలిపోయాక
కట్ట ఎంబడి నడుస్తాను.

నిన్న నూట పదహారు.
పిక్క పట్టేసింది. నిలబడినాను.
అలవాటు సొప్పున వొంగి
కీ మీద ఏలితో తట్టినాను.
బిగువుగానే ఉన్నాది.
ఎవులో కొత్త గుంటడు
రాత్రి వొచ్చి కొట్టుంటాడు.