పేరుకు గుండీ ఏ పక్క

మండలాఫీసులో లిస్టు తిప్పి
నా పేరు మీద అడ్డగీత చూపించినాడు గుమాస్తా పిల్లోడు.
"కుళ్ళాయి. చనిపోయినట్టు రాసినారు."
వాని ముందరే నిలబడి ఉండా,
సంకలో కత్తెర సంచి,
మెడలో టేపు తీసేది కూడా మర్చిపోయి వచ్చినా.

పోయింది నేను కాదు నాయనా,
ఇంకో కుళ్ళాయి.
మా మేనమామ కొడుకు.

ఇద్దరమూ ఒకే మొక్కుకు పుట్టినోళ్ళం.
నాలుగేండ్లు కడుపు పండని మాయమ్మ,
పుట్టిన బిడ్డను పుట్టినట్టే పోగొట్టుకున్న మా అత్త
గూగూడులో పీర్ల గుండం చుట్టూ తడిగుడ్డల్తో తిరిగి
ఒకే ఆకులో చక్కెర చదివించినారంట.
"ఆడైనా మగైనా నీ పేరే సామీ."
ఆ మాటలో ఇద్దరం ఇమిడిపోయినాం
ఒకే చెనిక్కాయలో రెండు విత్తనాల మాదిరి.

జేజి చెప్పేది,
కుళ్ళాయంటే టోపీ మే, సామి తలకు పెట్టుకునేది.
ఆ మాట ఏ దేశానిదో, ఏ గుర్రమెక్కి వచ్చిందో
ఆమెకూ ఎరుక లేదు.
వచ్చి మన ఎర్రమట్టిలో కూచునింది.
మా వీధిలో నమాజుకు పోయే ఇంట్లో ఒక కుళ్ళాయి,
నామాలు పెట్టే ఇంట్లో ఒక కుళ్ళాయి.
అప్ప, అమ్మ అనేవి ఎనక కట్టుకునే మూటలు,
చౌడప్పకూ చౌడమ్మకూ దారిబత్తెం ఒకటే.

నేను మిషను తొక్కే మనిషిని.
నాకు తెలిసింది ఇంతే:
చొక్కాకు గుండీ ఒక పక్క,
రవికెకు హుక్కు ఇంకో పక్క.
మడత చూసి చెప్పొచ్చు ఎవరిదో.
టోపీని ఎట్ల తిప్పినా పక్క దొరకదు.
గుండ్రంగా కుట్టి దారం తెంపడమే.

బళ్ళో అయివారు "కుళ్ళాయి" అంటే
రెండు గొంతులు "ఉండా సార్" అనేవి.
విసుగు పుట్టి ఒక దినం
వానికి అప్ప తగిలించినాడు, నాకు అమ్మ.
ఊరికుంటిమా?
మర్నాడు వాడు అమ్మకు పలికినాడు, నేను అప్పకు.
ఇద్దరి మీదా కలిపి ఒకే బరికె విరిగింది.
ఆ పైన రిజిస్టర్లో తోకలు రాయలేదు.

పెద్దయినాక
వాని బోరు లోను నోటీసు నాకొచ్చేది,
నా పొదుపు సంఘం చీటీ వానికి పోయేది.
వాడు చదివి నవ్వి, సైకిలు మీద తెచ్చిచ్చేవాడు.
"ఏం కుళ్ళాయీ?"
"ఏం కుళ్ళాయీ?"
ఎవరి పేరును వాళ్ళే పిలుచుకున్నట్టు,
ఆ సుఖం ఇంకెవరికి తెలుస్తుంది.

మొన్న శ్రావణంలో
అర్ధరాత్రి కరెంటొచ్చిందని చేనుకు పోయి
తడి స్టార్టరు మీద చెయ్యేసినాడు.
సర్టిఫికెట్లో ఉత్త పేరు రాసినారు.
ఏ కుళ్ళాయని కంప్యూటరు అడగలేదు,
దగ్గరున్న దాన్ని కొట్టేసింది.
రెండు నెలలుగా నాకు బియ్యం లేవు.

గుమాస్తా మంచోడే.
"ఊరికే ఒక అమ్మ తగిలించుకోక్కా,
కుళ్ళాయమ్మ. మళ్ళా ఈ తంటా ఉండదు."
పెన్ను మూత తీసి నా చేతికిచ్చినాడు.

అమ్మ చెడ్డ మాటా ఏమన్నా?
నా ఇద్దరు బిడ్డలు పొద్దు పొడిస్తే పిలిచేది అదే.
కాకుంటే ఆ తోక రాసినానంటే
ఈ లిస్టులో చచ్చిపోయిన కుళ్ళాయి
నిజంగానే వాడొక్కడే అయిపోతాడు.

మూత పెట్టి ఇచ్చేసినా.
"ఉత్త కుళ్ళాయే ఉండనీ. బతికుండాదని రాయి."
"అట్లయితే ఆధార్ జిరాక్సు, ఇద్దరు సాక్షులు కావాల."

సాక్షులను వెతుక్కుంటా బస్టాండు దాకా వచ్చినా.
సోడాబండి కాడ ఎవరో అరిచినారు
"ఏ కుళ్ళాయీ!"
తల తిప్పినా.
నా ఎనకే ఒక బిడ్డ, ఏడేండ్లుంటాయి,
కొత్తగా తీయించిన గుండు మీద గంధం,
పిల్లో పిల్లోడో పోల్చుకోలేకపోతి.
ఐసు చీకుతా "ఆఁ" అనింది.
నేనూ అన్నా, రవ్వంత ఆలస్యంగా.