ఇరవై కిలోల బియ్యం

ఒక్క షిఫ్టులో నేనెత్తేది
రెండు వేల టన్నులకు తక్కువ ఉండదు.
బొటనవేలు కొంచెం వెనక్కి లాగితే చాలు,
బుసాన్ రేవులో ఓడ కడుపులోంచి
ఇనప పెట్టె
తల్లిపిల్లి నోట్లో కూనలా మెత్తగా పైకి లేస్తుంది.
నలభై మీటర్ల ఎత్తున గాజు గది,
కాళ్ళ కింద కూడా గాజే.
సముద్రాన్ని పాదాల మధ్య పెట్టుకుని
ఎనిమిది గంటలు కూర్చుంటాను.
కూర్చోవడమే నా పని.
బాగా కూర్చుంటానని పేరు కూడా ఉంది.

పియో జే-ఉంగ్‌కి వయసు రాదంటారు కిందివాళ్ళు.
సైన్యంలో ఇచ్చిన బెల్టు
పదమూడేళ్ళకి కూడా అదే చిల్లు దగ్గర ఆగుతుంది.
"నీకేమయ్యా, రివటలా ఉన్నావు,
ఏం తిన్నా ఒంటికి పట్టదు" అని
బొజ్జలు నిమురుకుంటూ నిట్టూరుస్తారు.
నేను సిగ్గుపడ్డట్టు నవ్వి
కప్పు నూడుల్స్ మీద వేడినీళ్ళు పోస్తాను.
రాత్రి షిఫ్టయితే రెండు కప్పులు,
ఒక క్రీము రొట్టె, లెక్కలేని తీపి కాఫీ.
ఒంటికి పట్టలేదనే అనుకున్నాను.

పట్టిందట.

కంపెనీ వైద్య పరీక్షలో
సాక్సులు విప్పి
చల్లటి లోహపు పాదముద్రల మీద నిలబడ్డాను.
రెండు పిడులు పట్టుకున్నాను, ఎవరివో చేతుల్లా.
యంత్రం ఒంట్లోకి చిటికెడు కరెంటు పంపి
లోపల ఎవరెవరు కాపురముంటున్నారో రాసుకుంది.
కాయితం మీద మూడు గీతలు.
బరువుది ఎంతుండాలో అంతే ఉంది.
కండది సగం దారిలోనే ఊపిరి అయిపోయి ఆగింది.
కొవ్వుది మాత్రం కాయితం అంచుదాకా నడిచింది.
నర్సు గుక్ దా-వోన్
ఆ మూడు చివర్లనీ పెన్నుతో కలిపింది.
కొడవలి.
మా వాళ్ళు దీనికెప్పుడో పేరు పెట్టారు, బక్క లావు అని.
రెండు మాటలు
ఒకే చొక్కాలో దూరి మోచేతులతో పొడుచుకుంటున్నట్టు.

యంత్రాలతో బతికేవాణ్ణి,
అయినా యంత్రాన్ని నమ్మలేదు.
తూకం చెడిందేమో అన్నాను.
ఆవిడ వాదించలేదు. కుర్చీ లాగింది.
చేతులు కట్టుకుని ఐదుసార్లు లేవమంది.
మూడోసారికి తొడలు వణికాయి.
నాలుగోసారి చెయ్యి దానంతటదే కుర్చీని వెతుక్కుంది.
ఐదోది అడగలేదు ఆవిడ.

ఆ సాయంత్రమే
యోంగ్దోలో మా మెట్ల కింద బియ్యం బస్తా.
నూట పన్నెండు మెట్లు ఎక్కడం తనవల్ల కాదని
డెలివరీ కుర్రాడు అక్కడే పెట్టి ఫొటో పంపాడు.
కౌగిలించుకున్నాను.
భుజానికెత్తాను. దించాను. మళ్ళీ కౌగిలించుకున్నాను.
దూరంగా రేవులో నా క్రేను మెడ చాచి
ఎర్రదీపంతో కన్నుగీటుతోంది.

ముప్పై ఒకటో మెట్టు మీద కూలబడి
చొక్కా ఎత్తి చూసుకున్నాను.
బొడ్డు పక్కన పట్టుకుంటే
గోరువెచ్చగా, ఉడికీ ఉడకని పిండిముద్దలా
వేళ్ళ నిండా వచ్చింది.
ఇన్నేళ్ళూ ఇక్కడే ఉందన్నమాట,
చప్పుడు లేకుండా, అద్దె కట్టకుండా,
బెల్టుకి కూడా తెలియకుండా.

పైనుంచి మేంగ్ అవ్వ దిగుతోంది.
చేపల మార్కెట్లో నలభై ఏళ్ళు
మలుగు చేపల తోలు ఒలిచిన మనిషి.
పొట్టి, గుండ్రం.
బరువు తగ్గమని ప్రతి డాక్టరూ చెబుతాడు,
ప్రతిసారీ ఊఁ కొట్టి వస్తుంది.
బస్తా వంక చూసింది, నా వంక చూసింది.
ఒక మూల తను పట్టుకుని
"ఆ మూల నువ్వు" అంది.
"మొత్తం నేనే మొయ్యగలను గానీ
తినేది నువ్వు కదా."

నాలుగు చోట్ల ఆగాం. నాలుగూ నాకోసమే.

ఈ పొద్దున గాజు గదిలో,
రెండు పెట్టెల మధ్య ఖాళీలో,
చేతులు కట్టుకుని లేచాను. కూర్చున్నాను. లేచాను.
కింద లారీ హారన్ కొడుతోంది.
వైర్‌లెస్‌లో గొంతు గరగరలాడింది,
"పియో, ఏం చేస్తున్నావక్కడ?"

"నిలబడుతున్నాను" అన్నాను.
అప్పటికి మూడోది.