నలభై మూడు రూపాయల ఆరణాలు

ఈ బేంకు మాకు బాకీ.
పర్లాకిమిడిలో ఇప్పుడెవరికీ గుర్తులేని బాకీ.
నేనేమో దానికే సున్నం పూస్తున్నాను.

సిమెంటు వద్దంది సస్మితా మేడమ్.
పాత గోడకి సిమెంటు కొడితే ఊపిరాడదట,
లోపలి చెమ్మ లోపలే ఉండి ఇటుకను తినేస్తుందట.
నాకు తెలీని సంగతా?
గానుగ తిప్పే మనిషి దొరక్క నేనే తిప్పాను.
కరక్కాయలు కొండ దించి మోసుకొచ్చాడు సోమ సబర.
బెల్లం నీళ్ళు మూడు రాత్రులు పులిశాయి.
నాలుగో పొద్దుకి వాసన,
కల్లుపాకా పురిటిల్లూ కలిసినట్టు.

గీకుతుంటే పొరలు రాలాయి.
ఎరువుల గోదాముగా ఉన్నప్పటి నీలం,
పంచాయితీ వాళ్ళ పచ్చ,
సగం చెరిగిన ఎన్నికల గుర్తు,
దాని కింద ఒడియా అక్షరాలు గుండ్రంగా,
వాటి కింద తెలుగు, అవీ గుండ్రమే.
ఇక్కడేం రాసుంది అనడిగింది మేడమ్.
నేను చదివింది ఒడియా బడిలో.
తెలుగు నోటికొచ్చు, కంటికి రాదు.
మా ఆవిడ టెక్కలి మనిషి. క్యారేజీ తెచ్చినప్పుడు
కొంగుతో దుమ్ము తుడిచి కూడబలుక్కుని చదివింది:
"సొమ్ము సరిచూసుకొని మరీ కదలండి."
నవ్వాగలేదు మాకిద్దరికీ.
మేడమ్‌కి అర్థం చెప్పేసరికి నవ్వు పోయింది.

అయ్య సరిచూసుకోలేదు.
బోనెల గురువులు, నిశాని, ఎడమ బొటనవేలు.
కోటగోడ పనిలో దాచిన కూలి,
ఎద్దుకి సగం ధర.
తలుపుకి కాగితం అంటించిన రోజు
వీధి చివరిదాకా జనమట, పైన వాన.
జిగురు కరిగి కాగితం జారుతుంటే
పట్టుకుని, అరచేత్తో అదిమి,
మళ్ళీ అతికించింది అయ్యేనట.
ఏం రాసుందో తెలీదు.
అది ఊడితే డబ్బూ పోతుందనుకున్నాడు.

గుమ్మం ముందు మెట్టు నడుమ అరిగి గుంటపడింది,
వాననీళ్ళు గిద్దెడు నిలుస్తాయి.
మార్చి కొత్త రాయి వేద్దామా అంది మేడమ్.
వద్దన్నాను.
ఎందుకని అడగలేదు. నేనూ చెప్పలేదు.
పుస్తకంలో రాసుకుంది: మెట్టు, ఉన్నది ఉన్నట్టు.

శనివారం కూలి ఫోన్లో పడుతుంది, టింగుమని.
ఏ ఊరి బేంకో,
దానికి మెట్లున్నాయో లేదో.

అయ్య పాసుపుస్తకం సంచిలోనే తిరిగింది నెలరోజులు,
తాపీ పక్కన, చుట్టల పొట్లం కింద.
గోడలో పెట్టి పూడ్చేద్దామని
ఉత్తరం మూల ఒక ఇటుక వదిలేశాను.
"ఆ కన్నం ఏటి మేస్త్రీ?" అన్నాడు సోమ.
పిచ్చుకకిలే, అన్నాను.
పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళిపోయాను.
తీరని బాకీని నేనెందుకు పూడ్చాలి?

పచ్చి గోడ. ఎండ తగలకుండా గోనెలు కట్టాం.
ఇరవయ్యొక్క రోజులు, రెండు పూటలా నీళ్ళు కొట్టాలి.
రేపు ఆదివారమైనా రావాలి.